మూఢంలో ఖాళీ కుర్చీలు

జనవరి 2026, ఆదివారం రాత్రి

షాపు మూసే టైముకి గల్లా పెట్టెలో ఉన్నది చూసి నాన్న ఏం మాట్లాడలేదు, నేనూ అడగలేదు. టెంట్ హౌస్ వాళ్ళింట్లో పుట్టినవాళ్ళకి శుక్ర మూఢం అంటే ఏంటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నవంబరు ఆఖర్లో మొదలైంది, ఫిబ్రవరి మధ్య దాకా ముహూర్తాల్లేవు, అంటే ధనుర్మాసంతో పాటు మాఘమాసం కూడా దాదాపు మొత్తం ఎగిరిపోయినట్టే. గోడౌన్‌లో కుర్చీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి, గుండిగలు బోర్లించి ఉన్నాయి, షామియానా గుడ్డలు ఎలకలు కొట్టకుండా రోజు మార్చి రోజు దులపడం ఒక్కటే పని. మూఢంలో మాకు వచ్చేవల్లా పెద్దకర్మలు, పార్టీ మీటింగులు. చావుకి, రాజకీయానికి ముహూర్తం అక్కర్లేదు కదా.

పొద్దున ఒకాయన వచ్చారు, కూతురి పెళ్ళి, ఫిబ్రవరి నెలాఖరుకి హాలు దొరికిందంట, కుర్చీలు, స్టేజీ డెకరేషను రేటు కనుక్కున్నారు. అంతా బాగానే ఉంది కానీ వెళ్తూ వెళ్తూ "అసలు ఈ మూఢం ఎందుకొస్తదో ఏంటోనండీ, మా వియ్యపురాలు అడ్డం పడిపోయింది గానీ లేకపోతే జనవరిలోనే కానిచ్చేద్దుం" అన్నారు. నాన్న అలవాటుగా "గ్రహాలండీ, మన చేతిలో ఏముంది" అనేశాడు. నాకు నోటిదాకా వచ్చింది చెబుదామని, కానీ అడ్వాన్స్ ఇచ్చే కస్టమర్‌కి ఖగోళం పాఠం చెప్తే నాన్న ఊరుకోడు.

మధ్యాహ్నం పిన్ని కొడుకు చింటూ వచ్చాడు, సంక్రాంతి సెలవులు ఇచ్చేశారు, హోంవర్క్ సౌర కుటుంబం చార్టంట. వాడు బజార్లో కొన్న బొమ్మ చూపించాడు, సూర్యుడు ఓ మూల, పక్కనే వరసగా తొమ్మిది ఉండలు ఒకదానికొకటి రాసుకుంటూ. తొమ్మిది! ప్లూటోని గ్రహాల లిస్టులోంచి తీసేసింది 2006లో, ఆ బొమ్మలు అచ్చేసేవాళ్ళకి ఇంకా కబురు అందినట్టు లేదు. అది సరే, అసలు దూరాలే పచ్చి అబద్ధం. చిన్నప్పుడు నేనూ ఈ బొమ్మే అంటించాను, అందుకే చాలా ఏళ్ళు గ్రహాలంటే అక్కడక్కడే గుంపుగా తిరిగేవి అనుకుంటూ ఉండేదాన్ని.

సరే రారా అని గోడౌన్ పక్కన ఖాళీ సైటులోకి తీసుకెళ్ళాను. స్వీటు పెట్టే చిన్న స్టీలు ప్లేటు ఒకటి టేపు పెట్టి కొలిస్తే అంచు నుంచి అంచుకి 14 సెంటీమీటర్లు. సూర్యుడి అడ్డుకొలత దాదాపు 14 లక్షల కిలోమీటర్లు, కాబట్టి లక్ష కిలోమీటర్లకి ఒక సెంటీమీటరు, ఇంక లెక్క నోటితోనే అయిపోతుంది. ప్లేటుని ఒక కుర్చీలో నిలబెట్టాం. భూమి అంటే ఆవగింజ, మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ, దాన్ని పెట్టాల్సింది 15 మీటర్ల దూరంలో. వాడు నమ్మలేదు, టేపు లాక్కుని మళ్ళీ కొలిచాడు. శుక్రుడు ఇంకో ఆవగింజ, 10.8 మీటర్ల దగ్గర. గురుడికి వాడి జేబులోంచే గోళీ తీశాం, అది 78 మీటర్లు, అంటే సైటు దాటి సందులోకి వెళ్ళి కిరాణా కొట్టు దగ్గర కుర్చీ వెయ్యాల్సొచ్చింది. శని 143 మీటర్లు, నెప్ట్యూన్ 450, అది మెయిన్ రోడ్డు మీద పడుతుంది కాబట్టి మానేశాం. మరి పక్క నక్షత్రం ఎక్కడక్కా అన్నాడు. ఇదే లెక్కలో నాలుగు వేల కిలోమీటర్లు రా అన్నాను. వాడు ఆవగింజ వంకే చూస్తూ ఉండిపోయాడు, అటుగా వెళ్ళే మేస్త్రి ఒకాయన "ఏంటమ్మా సందులో కుర్చీ, ఎవరన్నా పోయారా" అని అడిగి వెళ్ళాడు.

అప్పుడు మూఢం ఆడించాం. నేను భూమి కుర్చీ దగ్గర నిలబడ్డా, వాణ్ణి శుక్రుడిలా ప్లేటు చుట్టూ తిరగమన్నా. ప్లేటు వెనక్కి పోయినప్పుడు వాడు నాకు 25.8 మీటర్ల దూరం, అడుగులు వేస్తూనే ఉన్నా ప్లేటు వెనక అలా వేలాడుతున్నట్టే కనపడతాడు. ప్లేటుకీ నాకూ మధ్యకి వచ్చేసరికి 4.2 మీటర్లే, రెండంగల్లో సర్రున దాటిపోతాడు. శుక్ర మూఢంలో ఉన్నది మొత్తం ఇదే. శుక్రుడు ఆకాశంలో సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చేసి ఆ వెలుగులో మనకి కనపడకుండా పోవడం. ఎంత దగ్గరకొస్తే కనపడడు అనేదానికి సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలో 10 డిగ్రీలని, వక్రంలో ఉంటే, అంటే మన ముందు నుంచి దాటుతూ వెనక్కి నడుస్తున్నట్టు కనపడితే, 8 అని పెట్టారు. ఇప్పుడు శుక్రుడు సూర్యుడి వెనక ఉన్నాడు, జనవరి 6న సరిగ్గా వెనక్కి చేరాడు. అక్కడ ఉన్నప్పుడు సూర్యుడితో పోలిస్తే మన కంటికి రోజుకి పావు డిగ్రీ మాత్రమే జరుగుతాడు. ఇటు పది అటు పది ఇరవై డిగ్రీలు, రోజుకి పావు, అంటే 80 రోజులు. మా షాపు ఖాళీగా కూర్చున్నది కూడా ఇంచుమించు అంతే! పంచాంగానికీ పంచాంగానికీ కొన్ని రోజులు తేడా ఉంటుంది, లెక్క కట్టే పద్ధతిని బట్టి, కానీ కథ ఇదే. అదే మన ముందు నుంచి దాటేటప్పుడు రోజుకి డిగ్రీన్నర పైనే జరుగుతాడు కాబట్టి ఆ మూఢం పది రోజుల్లో తేలిపోతుంది. ఈ ఏడాది అక్టోబరు నాలుగో వారంలో వచ్చేది ఆ పొట్టి మూఢం.

శుక్రుడు కనపడకపోతే పెళ్ళికి వచ్చే నష్టమేంటి అంటే నాకు తోచింది లేదు, నమ్మకం ఎవరిది వాళ్ళది, నమ్మేవాళ్ళ డబ్బులతోనే మా ఇల్లు గడుస్తోంది కాబట్టి నేను ఎగతాళి చెయ్యను. నన్ను పట్టేసేది వేరే సంగతి, టెలిస్కోపు లేని కాలంలో ఎవరో పొద్దున్నే లేచి, సాయంత్రం ఊరి బయట నిలబడి, ఈవేళ కనపడ్డాడా లేదా అని తరాల తరబడి చూసి రాసుకుంటే గానీ ఆ పది డిగ్రీలు రావు. యూట్యూబులో మాత్రం "శుక్ర మూఢం, ఈ 5 రాశులవాళ్ళు జాగ్రత్త" అని ఎర్రక్షరాలు, ఒక్కడన్నా శుక్రుడు ఇప్పుడు ఎక్కడున్నాడో వేలు పెట్టి చూపిస్తాడా అంటే లేదు.

ఇంక అసలైనది. భూమి, సూర్యుడు, శుక్రుడు మళ్ళీ ఇదే వరసకి రావడానికి 584 రోజులు. దాన్ని ఐదుతో గుణిస్తే 2920. 365ని ఎనిమిదితో గుణించినా 2920. చింటూ ఫోన్ కాలిక్యులేటర్‌లో రెండు సార్లు కొట్టుకున్నాడు. అంటే ఎనిమిదేళ్ళకోసారి శుక్రుడు క్యాలెండర్లో దాదాపు అదే తారీఖుకి అదే చోటుకి వస్తాడు, లీపు రోజులు ఉంటాయి కాబట్టి రెండు మూడు రోజులు ముందుకి జరుగుతుంది అంతే. ఇప్పుడు జనవరి 6, 2018లో జనవరి 9, 2010లో జనవరి 11. ఇంకో విడ్డూరం, ఎనిమిదేళ్ళలో చాంద్రమాన నెలలు సుమారు 99 పడతాయి, అంటే మాఘమాసం కూడా ఒకటి రెండు రోజుల తేడాతో అదే తారీఖుకి వస్తుంది. మూఢం, మాఘం రెండూ జోడుగా తిరిగొస్తాయన్నమాట.

ఇది తట్టగానే లోపలికెళ్ళి అటక మీద 2017-18 బుకింగ్ పుస్తకం తీశాను, అట్ట ఊడిపోయింది, లోపల నాన్న చేతిరాత. నవంబరు పేజీల్లో సందు లేదు, మార్జిన్లో కూడా రాశాడు, కుర్చీలు చాలక ఇంకో షాపు నుంచి తెచ్చిన లెక్కలు పక్కన పెన్సిల్‌తో. డిసెంబరు నుంచి పల్చబడింది. జనవరిలో ఒక పెద్దకర్మ, ఒక స్కూలు వార్షికోత్సవం, ఇంకో పెద్దకర్మ. ఫిబ్రవరి సగం దాకా అదే తంతు, ఆ తర్వాత ఒక్కసారిగా మళ్ళీ పేజీలు నిండిపోయాయి. ఆ పేజీ, ఈ ఏడు పుస్తకంలో పేజీ పక్క పక్కన పెట్టి నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూశాడు. "అవునమ్మాయ్, ఆ ఏడే కదా కొత్త ట్రాలీ ఆటో కొని వాయిదాలు కట్టలేక చచ్చాం" అన్నాడు. 2010ది కూడా చూద్దామంటే చెద పట్టిందంట, అమ్మ ఎప్పుడో పారేసింది.

సాయంత్రం పిన్ని వచ్చేసరికి చింటూ ఇంకా చార్టు మొదలెట్టలేదు, నన్నే తిట్టింది. చీకటి పడ్డాక అందరం మేడెక్కాం. చందమామ అర్ధరాత్రి దాటితే గానీ రాడు, గోదావరి వైపు నుంచి చలిగాలి. శుక్రుడు ఎలాగూ లేడు, కుజుడు కూడా ఈ వారమే సూర్యుడి వెనక్కి చేరాడు, అతనూ లేడు. నైరుతి వైపు శని, కొంచెం మసకగా పసుపు రంగులో. పిన్ని మీనరాశి, ఏలినాటి శని నడుస్తోందని బెంగ, కాబట్టి ఆ శనిని నేనే వేలెట్టి చూపించాను. సూర్యుడి చుట్టూ తిరగడానికి అతనికి 29 ఏళ్ళ మీద ఆర్నెల్లు, రాశికి రెండున్నరేళ్ళు, మూడు రాశులంటే ఏడున్నరేళ్ళు, ఆ లెక్క అక్కణ్ణించే వచ్చింది పిన్నీ అన్నాను. "ఇంత చిన్నగా ఉన్నాడేంటే" అంది, కాస్త నిరాశపడినట్టు.

తూర్పున మాత్రం గురుడు, చూపు తిప్పుకోలేం. మిథునంలో, పునర్వసు జంట నక్షత్రాల దగ్గర. జనవరి 10న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు, అందుకే సూర్యుడు దిగగానే ఇతను ఎక్కుతున్నాడు, తెల్లారేదాకా ఉంటాడు. ఇప్పుడు దూరం 63 కోట్ల కిలోమీటర్లు, ఆ వెలుగు బయల్దేరి మన దగ్గరికి రావడానికే 35 నిమిషాలు. మా అన్నయ్య ఇచ్చిన బైనాక్యులర్‌ని పిట్టగోడ మీద ఆనించి పట్టుకుంటే పక్కన అతని చందమామలు చిన్న చిన్న చుక్కల్లా ఒకే గీత మీద కనపడ్డాయి. చింటూకి మూడే కనపడ్డాయంట, నాలుగోది ఎక్కడ అని గోల, అది గురుడి ముందో వెనకో మరీ దగ్గరగానో ఉండుంటుంది, ఉండమని చెప్పలేం కదా. లోపలి చందమామ అయో ఒకటి ముప్పావు రోజుకే ఒక చుట్టు చుట్టేస్తుంది, రేపు చూస్తే వరస మారిపోయి ఉంటుంది. 1610 జనవరి 7న గెలీలియో చూసింది వీటినే, మొదట నక్షత్రాలనుకున్నాడు, రోజూ చూస్తుంటే గురుడిని వదలకుండా అటూ ఇటూ మారుతున్నాయి. అన్నీ భూమి చుట్టే తిరగాలి అన్న మాటకి అక్కడే గండి పడింది. అదే ఏడాది చివర్లో శుక్రుడికి చందమామలాగా కళలు ఉండటం కూడా చూశాడు, శుక్రుడు సూర్యుడి వెనక్కీ ముందుకీ తిరిగితే తప్ప అలా కనపడడం కుదరదు. మధ్యాహ్నం చింటూ సైటులో తిరిగింది కూడా అదే తిరుగుడు.

గురుడిని చూడగానే నాన్నకి పుష్కరాలు గుర్తొచ్చాయి, గురుడు సింహరాశిలోకి వస్తే మాకు గోదావరి పుష్కరాలు, 2015 జులైలో వచ్చాయి, మళ్ళీ 2027 జూన్ ఆఖర్లో. గురుడి చుట్టుకి సరిగ్గా పన్నెండేళ్ళు పట్టవు, 11.86, అందుకే జులై కాస్తా జూన్‌లోకి వచ్చింది. ఇప్పుడు మిథునం, ఈ జూన్‌లో కర్కాటకంలో కుదురుకుంటాడు, ఆ తర్వాత సింహం, ఆకాశంలో అదిగో అక్కడ, ఇంకా పైకి రాలేదు కానీ రెండు మూడు గంటలాగితే మఖ నక్షత్రం లేస్తుంది. నాన్న ఆ చీకట్లోకి చూసిన చూపు చూడాలి, ఘాట్ల దగ్గర ఎన్ని టెంట్లు పడతాయో అప్పుడే లెక్కేస్తున్నాడు.

కిందకి దిగాక "ఇంకేమేం మూఢాలున్నాయో చూసి పెట్టు" అన్నాడు. కూర్చుని చూశాను. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, అది పోయినట్టే. గురుడు సూర్యుడి వెనక్కి వెళ్ళేది జులై 29 ప్రాంతం, ఇటో రెండు వారాలు అటో రెండు వారాలు గురు మూఢం. క్యాలెండర్లో చూస్తే అది సరిగ్గా ఆషాఢం మీద పడుతోంది, ఎలాగూ పెళ్ళిళ్ళు ఉండని నెల, రెండు ఖాళీలు ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయాయి. నాన్నకి ఈ ఒక్క ముక్క తెగ నచ్చింది, "అయితే పాత కుర్చీలు అమ్మొద్దు, శ్రావణానికి కావాలి" అన్నాడు. ఆ పొద్దుటాయనకి ఫిబ్రవరి రేటు మాత్రం తగ్గించేది లేదంట, మూఢం వదలగానే అందరూ ఒకేసారి పడతారు కదా. రేపు ఫోన్ చేసి ఆ మాట చెప్పే పని నాకు పెట్టాడు.