దైసెన్ కొండ తలకిందులుగా కనబడే గది

తెనాలిలో మా నాన్నకి ఫోటో స్టూడియో ఉండేది. మా వీధిలో చాలా ఇళ్ళల్లో గోడ మీది పెళ్ళి ఫోటో ఆయన తీసిందే. మా ఇంట్లో మాత్రం వెతికితే అమ్మ ఫోటోలు నాలుగైదుకి మించి దొరకవు. ఒసాకాకి ఉద్యోగానికి వచ్చాక జపాన్ ఫోటోగ్రాఫర్ షోజి ఉఎదా గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఆయనదీ చిన్న ఊరి స్టూడియోనే. తొత్తోరి జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న సకాయ్‌మినాతోలో 1913లో పుట్టాడు, తోక్యో వెళ్ళి ఫోటోగ్రఫీ నేర్చుకున్నాడు, 19 ఏళ్ళకే తిరిగొచ్చి సొంత ఊళ్ళో స్టూడియో పెట్టాడు. 2000లో చనిపోయేదాకా ఆ ప్రాంతం వదల్లేదు. భార్యనీ పిల్లల్నీ ఇసుకలో నిలబెట్టి ఆయన తీసిన ఫోటోల్ని ఇవాళ ప్రపంచమంతా చూస్తోంది. వాటిని కాగితం మీద చూడాలనిపించింది.

ఒసాకా నుంచి షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఒకాయామా, అక్కడ యాకుమో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కొండల మధ్య నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. యొనాగోలో దిగి, లోకల్ రైల్లో రెండు స్టేషన్లు వెనక్కి వస్తే కిషిమొతో. అక్కడినుంచి టాక్సీ. ఆయన ఫోటోల మ్యూజియం చలికాలంలో మూసేస్తారని అక్టోబర్‌లోనే బయల్దేరాను. కోతలు అయిపోయిన పొలాలు, పొద్దున్నే చలి. ఆ రోజు దైసెన్ కొండ నడుం దాకా మబ్బులో ఉంది. 1,729 మీటర్ల కొండ అది, ఈ వైపు నుంచి చూస్తే ఫుజిలా ఉంటుందని ఇక్కడివాళ్ళు హోకి ఫుజి అంటారు. మ్యూజియం కట్టిందే ఆ కొండని చూపించడానికి. ఇంత దూరం వచ్చాక అది కనబడకపోతే ఎలాగని దారంతా టెన్షన్.

పొలాల మధ్య నాలుగు కాంక్రీటు దిమ్మెలు ఎడం ఎడంగా నిలబడి ఉంటాయి. షిన్ తకమత్సు డిజైన్ చేసిన భవనం, 1995లో తెరిచారు. ఉఎదా 1939లో తీసిన ఒక ఫోటో ఉంది: నలుగురు అమ్మాయిలు పక్కపక్కనే నిలబడి ఉంటారు, కానీ ఎవరి చూపు వాళ్ళదే. ఆ నలుగురే ఈ నాలుగు దిమ్మెలట. దిమ్మెల మధ్య సందుల్లో నీళ్ళు నింపారు. గాలి లేని రోజు కొండ ఆ నీళ్ళల్లో తలకిందులుగా కనబడుతుంది. నేను వెళ్ళేసరికి నీళ్ళల్లో ఉన్నది ఒట్టి మబ్బే. కిటికీ అద్దం మీద ఒక నల్లటి టోపీ బొమ్మ అంటించారు. సరైన చోట నిలబడి చూస్తే టోపీ కొండ నెత్తి మీద కూర్చుంటుంది. ఆ కొండే లేదప్పుడు.

లోపల ఎక్కువసేపు నిలబడిపోయింది 1949 నాటి కుటుంబం ఫోటో దగ్గర. ఇసుక, పైన ఖాళీ ఆకాశం, అంతే. కిమోనోలో భార్య, పిల్లలు, తను. స్టూడియోలో అందరినీ దగ్గరకి జరిపి భుజాలు తగిలేలా నిలబెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. "ఇంకొంచెం దగ్గరకి రండమ్మా" అన్న నాన్న గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. ఇక్కడ ప్రతి మనిషి చుట్టూ బోలెడు ఖాళీ. అయినా ఒక్క ఇంటివాళ్ళేనని చూడగానే తెలిసిపోతుంది. దగ్గరకెళ్ళి చూస్తే ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు అన్నంత శుభ్రంగా ఉంది ప్రింటు. ఏళ్ళ తరబడి వేళ్ళు ఫోటోలు కడిగే హైపో మందు వాసన కొట్టిన మనిషి కొడుకుగా, ఆ ప్రింటు వెనక ఎంత ఓపిక ఉందో నాకు అర్థమైంది.

1983లో భార్య నోరియె చనిపోయాక ఉఎదా కెమెరా ముట్టుకోలేకపోయాడు. అప్పటికి ఆయనకి 70 దగ్గర పడ్డాయి. అడ్వర్టైజింగ్‌లో పనిచేసే కొడుకు మిత్సురు, ఫ్యాషన్ ఫోటోలు తీద్దాం రమ్మని ఆయన్ని మళ్ళీ ఇసుక తిన్నెల మీదకే తీసుకెళ్ళాడు. సూట్లు వేసుకున్న మోడళ్ళు అదే ఇసుకలో, అదే దూరంతో నిలబడ్డారు. ఆ ఫోటోల్లో నేను చూసినంతసేపూ చూసింది వాళ్ళ మధ్య ఉన్న ఖాళీనే.

మధ్యాహ్నం సినిమా గదిలో కూర్చున్నాను. ఉఎదా గురించి చిన్న ఫిల్ము వేస్తారు. అది అయ్యాక గది చీకటి చేసి, గోడలో బిగించిన పెద్ద లెన్సు తెరుస్తారు. ఆరు వందల కిలోలకి పైనే బరువట. ముందు ఎదుటి గోడ మీద బూడిద రంగు మరక తప్ప ఏమీ లేదు. కాసేపటికి మరక కదిలింది. పొలాలు పైన, వాటి కింద వేలాడుతూ దైసెన్. మబ్బు విడిపోతూ ఉంది, ఆ విడిపోవడం గోడ మీద కదులుతూ కనబడుతోంది.

చిన్నప్పుడు గ్రూప్ ఫోటోల కోసం స్టాండు మీద పెద్ద కెమెరా పెట్టి, నల్లగుడ్డ కప్పుకునేవారు నాన్న. బతిమాలితే ఒకసారి నన్నూ గుడ్డలోకి రానిచ్చారు. గరుకు అద్దం మీద స్కూలు పిల్లలందరూ తలకిందులుగా వేలాడుతున్నారు. భయపడి బయటికి వచ్చి చూశాను, అందరూ నేల మీదే ఉన్నారు. ఈ గది కూడా ఆ నల్లగుడ్డే. లోపల ఇరవై మంది పట్టేంత నల్లగుడ్డ.

బయటికొచ్చేసరికి కొండ పూర్తిగా తేలింది, నీళ్ళల్లోనూ. నాన్నకి వీడియో కాల్ చేసి నీళ్ళల్లో కొండని చూపించాను, లెన్సు గది గురించి చెప్పాను. ఎంత బరువన్నావని రెండుసార్లు అడిగారు. తర్వాత ఉఎదా ఫోటోల గురించి చెబుతుంటే మధ్యలో ఆపారు.

"వాళ్ళావిడవి చాలా ఉన్నాయా?"

"చాలా ఉన్నాయి నాన్నా."

ఆయన ఏమీ అనలేదు. ఫోను పక్కకి తిప్పి, వంటింట్లో ఉన్న అమ్మని పిలిచారు.