మూడో రోజు చప్పుడు

ఈ బుధవారం తెల్లవారకముందే రికార్డరు, రెండు మైకులు సంచిలో పెట్టుకుని, ఊరగాయల వ్యాపారం చేసే ఒక సంస్థ వంటశాలకు వెళ్లాను. వారి కోసం నేను తయారు చేస్తున్న పాడ్‌కాస్ట్‌లో రెండో భాగం ఆవకాయ గురించి. వీధిలో రొద మొదలుకాక ముందే, ఫ్యాన్లు ఆపించి, కత్తి కింద మామిడికాయ టెంకతో సహా పగిలే చప్పుడును పట్టుకోవాలని నా ఆశ. అది చక్కగా దొరికింది. ఆ తరువాత ఎవరూ మాట్లాడవద్దని కోరి, ఒక నిమిషం పాటు ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేశాను. మాటలు కత్తిరించిన చోట అతుకు వినబడకూడదంటే ఆ నిశ్శబ్దమే కావాలి.

ముక్కలు తుడుస్తున్న పెద్దావిడ, తడి తగిలితే బూజు పడుతుందని చెబుతూ చెబుతూ, తమ అత్తగారు జాడీ దగ్గరికి ఎవరినీ రానిచ్చేవారు కాదనీ, మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఒకసారి తనను పిలిచి ఉప్పు చాలిందో లేదో చూడమన్నారనీ, ఆ రోజే తాను ఆ ఇంటి మనిషినయ్యాననిపించిందనీ అన్నారు. నేను రాసుకు వెళ్లిన ప్రశ్నల కాగితం మడిచి పెట్టేశాను.

మధ్యాహ్నం యజమాని తొలి కూర్పు విని, సంస్థ పేరు రెండు నిమిషాలకొకసారి రావాలన్నారు. "లేకపోతే మా పేరు ఎవరికి గుర్తుంటుందమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టిన రోజుల్లో, 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన బినాకా గీత్‌మాలా గురించి ఆయనకు చెప్పాను. బినాకా అనే టూత్‌పేస్టు పేరు మీద నడిచిన హిందీ సినిమా పాటల కార్యక్రమమది. బుధవారం రాత్రి జనం రేడియో చుట్టూ చేరింది టూత్‌పేస్టు గుణగణాల కోసం కాదు. వ్యాఖ్యాత అమీన్ సయానీ గొంతు కోసం, ఏ పాట ఏ మెట్టు ఎక్కిందో తెలుసుకోవాలన్న ఆత్రుత కోసం. అయినా బినాకా పేరు ఇన్నేళ్లు నిలిచింది.

ఆయన చాలాసేపు ఆలోచించి, పేరు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి చాలునన్నారు. అంతేకాక, తొలి ఏడాది తడి గరిటె వల్ల రెండు జాడీలు పారబోసిన సంగతిని తానే మైకు ముందు చెప్పారు. ఏ ప్రకటనా ఇవ్వలేని నమ్మకం ఆ మాటల్లో ఉందని నాకు గట్టిగా అనిపించింది.

రాత్రి కూర్చుని నలభై నిమిషాల సంభాషణను పదిహేడుకు దించాను. పెద్దావిడ గొంతు తడబడిన చోట మాత్రం కత్తిరించలేదు. ఇవాళ కలిపిన జాడీని శుక్రవారం పొద్దున తిరగకలుపుతారట. ఆ చప్పుడు కోసం మళ్లీ వెళ్లాలి.