చింతాకు శాలువా

ఆదివారం

నిన్న రాత్రి తడిపి, గుండుసూదులతో లాగి బిగించిన నమూనా ముక్క తెల్లారేసరికి ఆరింది. సూదులు తీసేశాక కూడా ముడుచుకోకుండా అలాగే నిలబడింది. అరచేతికన్నా కాస్త పెద్ద ముక్క, అంతే. కిటికీ అద్దానికి ఆన్చి పట్టుకుంటే మా అమ్మాయి పాలగ్లాసుతో అటుగా వచ్చి, "చింతాకు కదమ్మా!" అంది. నేనింకా ఎవరికీ చెప్పలేదు ఏం అల్లుతున్నానో. ఆ ఒక్క మాటతో పొద్దున్నే నా కడుపు నిండిపోయింది.

లేసు అల్లికలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, తడిపి ఆరబెట్టడం. అల్లిక సూదుల మీద ఉన్నంతసేపూ అది ముద్దగా, ఏ ఆకారమూ లేకుండా ఉంటుంది. ఊలు కెరటిన్ అనే ప్రోటీన్. నీళ్ళు తగలగానే అందులోని హైడ్రోజన్ బంధాలు వదులవుతాయి, ఆరేటప్పుడు మళ్ళీ బిగుస్తాయి. మనం ఏ ఆకారంలో లాగి పెడితే ఆ ఆకారంలోనే బిగుస్తాయి. నూలుదారానికి ఈ గుణం అంతగా లేదు, అందుకే దాన్ని గంజి పెట్టి నిలబెడతారు. నా చేతిలో ఉన్నది మెరినో గొర్రెల ఊలులో కొంత పట్టు కలిసిన సన్నపోగు. పట్టు మెరుపునిస్తుంది గానీ జారుతుంది, ఆకారం నిలిపేది ఊలే. మన దక్కనీ గొర్రెల ఊలుతో అల్లగలిగితే ఎంత బావుండేదో! కానీ అది గొంగడికి పుట్టిన ఊలు. వానకీ చలికీ కాపరి భుజాన నిలిచే గట్టి, ముతక పోగు. లేసుకి కావలసిన సన్నదనం అందులో రాదు.

చింతాకే ఎందుకంటే, దానికో కారణముంది. స్కాట్లండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో ఆడవాళ్ళు అల్లే శాలువాల్లో ఫెర్న్ ఆకులుంటాయి, అల వెనక్కి పోయాక ఇసుకమీద మిగిలే జాడ ఉంటుంది, పిల్లి అడుగులుంటాయి. అక్కడి అన్‌స్ట్ దీవి శాలువాలు పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నవి. ఎస్టోనియాలో హాప్సాలు అనే సముద్రతీరపు ఊరుంది. వాళ్ళ శాలువాల మీద వాళ్ళ అడవుల్లో పూసే లిల్లీ ఆఫ్ ది వ్యాలీ పూలే, ఒక్కో మొగ్గా ఒకే కుట్టులోంచి ఐదో ఏడో పోగులు లాగి కట్టిన చిన్న బుడిపె. ఎవరి గుమ్మం ముందున్నది వాళ్ళు అల్లారు. ఏళ్ళ తరబడి నేనూ అవే అల్లాను, ప్రేమగానే అల్లాను. కానీ నేను ఫెర్న్ నీడలో ఆడుకోలేదు. చింతచెట్టు కింద ఆడుకున్నాను. ఆ చెట్టు కూడా ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిందేనట. అయితేనేం, చింతచిగురు పప్పు లేని ఎండాకాలం మాకు ఎండాకాలమే కాదు.

మధ్యాహ్నం వంటింట్లో అత్తయ్యగారు కరివేపాకు దూస్తుంటే పక్కనే గ్రాఫ్ కాగితం పరుచుకుని కూచున్నాను. ఆకు కొస ఎలా ముగించాలన్నది నిన్నటినుంచీ తేలలేదు. మామూలుగా లేసులో ఆకు ముగిసేచోట మూడు కుట్లు కలిపి ఒక మొన తెస్తారు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆవిడ చేతిలో రెబ్బ చూసి అడిగాను.

"అత్తయ్యా, చింతాకుకి కొసన ఒంటాకు ఉంటుందంటారా?"

"ఉండదమ్మాయ్. ఇదిగో, కరివేపాకుకి ఉంటుంది, చూడు. చింతాకు జంటతోనే ఆగిపోద్ది."

ఎంత తడుముకోకుండా చెప్పారో! చిన్నప్పటినుంచీ చిగురు దూసిన వేళ్ళు అవి. పది నుంచి పద్దెనిమిది జతల దాకా చిట్టాకులు, చివరా జతే. ఆ మొన నాకు అక్కర్లేదు. ఈనె దగ్గర రెండు వైపులా విడిపోయే రెండు చిన్న ఆకులతో ముగిస్తే చాలు. అది అందంగా ఉంటుందా అన్న ప్రశ్న ఇక లేదు, అది చింతాకులా ఉంటుంది.

ఆవిడ కాగితం మీదికి వంగి, "ఈ గీతలేంటి?" అన్నారు. చెప్పాను. సున్నా ఉన్నచోట సూదిమీద దారం ఊరికే ఒక చుట్టు వేస్తాం, అక్కడ కన్నం పడుతుంది. దానివల్ల ఒక కుట్టు పెరుగుతుంది గనక పక్కనే రెండు కుట్లు కలిపి ఒకటి చేయాలి. మామూలుగా కలిపితే కుడికి వాలుతుంది. రెండిటినీ జార్చుకుని వెనకనుంచి కలిపితే ఎడమకి వాలుతుంది. ఈనెకి కుడివైపు చిట్టాకులకి మొదటిది, ఎడమవైపు వాటికి రెండోది. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకొస్తాను కాబట్టి కాగితం మీద పైకి చూస్తున్న ఆకులు భుజాన వేసుకున్నప్పుడు తలకిందులై కిందికి వాలతాయి, కొమ్మకి వేలాడినట్టే. 

"మాకైతే సూదిమీద ఒక్క ఉచ్చే ప్రాణంతో ఉండేది. నీకు వరుస వరుసంతా ప్రాణంతోనే ఉంటాయి. జారితే?" అన్నారు. ఒకే కొక్కెం సూదితో అల్లే క్రోషా చేసిన మనిషి గనక సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. అందుకే కొన్ని వరుసలకోసారి అన్ని కుట్లలోంచీ వేరే రంగు దారం దూర్చి ఉంచుతాను, జారినా అక్కడ ఆగుతాయి.

అత్తయ్యగారిది నరసాపురం పక్క పల్లె. పెళ్ళికి ముందూ తర్వాతా కూడా లేసు అల్లారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని గోదావరి జిల్లాల్లో ఇంటింటి అరుగుమీదికీ చేరింది. ఏజెంటు దారమూ నమూనా ఇచ్చిపోవడం, అల్లిన దారాన్ని బట్టి కూలి, సరుకు విదేశాలకి. బల్లల మీద గుడ్డలు, దుప్పట్లు, గలేబులు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేను చదివి వినిపించిన రోజు ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇవాళ మాత్రం కరివేపాకు పక్కన పెట్టి చెప్పారు: "నమూనాలో ఏ పువ్వుంటే ఆ పువ్వే అల్లేవోళ్ళం. ఏదేశం పువ్వో మాకేం తెలుసు? మా దొడ్లో మొక్క మమ్మల్నెవరూ అల్లమన్లేదు."

నాకు ఇది మనసులో గుచ్చుకుంది. అంత చెయ్యి తిరిగిన ఆడవాళ్ళు, అన్ని వేలమంది, అన్ని తరాలు. వాళ్ళ కళ్ళముందున్న చింతా, గన్నేరూ, కొబ్బరి మట్టా దారంలోకి ఎందుకు రాలేదంటే చేతకాక కాదు, ఎవరూ కొననందుకు. షెట్లాండ్ వాళ్ళూ అమ్ముకోవడానికే అల్లారు, కానీ వాళ్ళ అల వాళ్ళకి మిగిలింది. మనకీ మిగలాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. 

ఇక లెక్క. త్రికోణపు శాలువాలో రెండు వరుసలకోసారి నాలుగు కుట్లు పెరుగుతాయి, అంచుల్లో రెండు, నడిమధ్య రెండు. అంటే ఒక్కో సగంలో రెండేసి. పన్నెండు వరుసలయ్యేసరికి ఒక్కో సగానికి సరిగ్గా పన్నెండు కుట్లు చేరతాయి. అందుకే నా చింతాకులో మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్క, అంటే రెండు జతల చిట్టాకులు, పన్నెండు కుట్ల వెడల్పులో, పన్నెండు వరుసల ఎత్తులో ఇమడాలి. అలా ఇమిడితే ప్రతి పన్నెండు వరుసలకీ ఒక్కో సగంలో ఒక్కో కొత్త ఆకుకి చోటు దానంతటదే పుట్టుకొస్తుంది, లెక్క తప్పదు. ఆరు వరుసలకొక జత చొప్పున, పన్నెండు జతల నిండు ఆకుకి డెబ్భై రెండు వరుసలు. ఒక్కో సగానికీ మధ్యలో ముందు పుట్టినవి పొడుగ్గా, రెండు కొసల్లో ఆలస్యంగా పుట్టినవి పొట్టిగా ఉంటాయి. నేను అనుకుని చేసింది కాదిది, త్రికోణమే ఇచ్చింది. లేత ఆకు ఎప్పుడూ కొమ్మ కొసనే ఉంటుంది కదా!

సాయంత్రం కూరగాయలకి వెళ్ళి వస్తూ మా వీధి చివరి చింతచెట్టు కింద ఆగాను. డిసెంబరు, ఆరు దాటకముందే చీకటి. చిట్టాకులన్నీ జతలు జతలుగా ముడుచుకుని నిద్రకి సిద్ధమవుతున్నాయి. వందసార్లు చూసిన సంగతే, కానీ సంచీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పగలు విచ్చుకునే ఆకు రాత్రి ముడుచుకుంటుంది, రెండూ ఒకే శాలువాలో ఎందుకు ఉండకూడదు?

ఇంటికొచ్చి కాగితం మీద పెట్టి చూశాను. కన్నం పక్కనే కుట్లు కలిపితే చిట్టాకు సన్నగా, ఈనెని అంటిపెట్టుకుని వస్తుంది. కన్నానికీ కలిపేచోటికీ మధ్య రెండు మామూలు కుట్లు వదిలితే ఆ రెండూ పక్కకి వాలి ఆకు వెడల్పవుతుంది. పన్నెండు కుట్లూ పన్నెండే, కలిపేచోటు ఒక్కటే జరుగుతుంది. మెడ దగ్గర ముడుచుకున్న ఆకులు, కిందికొచ్చేకొద్దీ ఒక్కో అడుగూ విచ్చుకుంటూ, అంచుకి వచ్చేసరికి పూర్తి పగలు. మెడ దగ్గర దట్టంగా ఉంటే వెచ్చగానూ ఉంటుంది. రంగు మాత్రం ఒక్కటే, లేత చిగురు పచ్చ. రంగులు కలగలిసిన దారం చూడ్డానికి బావుంటుంది గానీ లేసుని మింగేస్తుంది. కన్నాలు కనబడాలంటే దారం నిశ్శబ్దంగా ఉండాలి.

దారం రెండు ఉండలుంది, ఒక్కోటి 50 గ్రాములు, 400 మీటర్లు. త్రికోణంలో సగం దారం అయ్యేసరికి లోతులో పదింట ఏడు వంతులు అయిపోతాయి. మిగతా మూడు వంతులకే రెండో ఉండంతా కావాలి. అందుకని ఆకుల కొసలన్నీ రెండో ఉండలోనే పడేలా పెట్టాను, అంచుకి కొంత మిగిల్చి.

అంచు ఎలా మూయాలన్నది తేలిందీ రాత్రే. సూదులతో మూస్తే బిగిసి లాగుతుందని భయం. క్రోషా సూదితో మూడేసి కుట్లు కలిపి పట్టి, మధ్యలో గొలుసు వేసుకుంటూ పోయే పద్ధతి ఉంది. లేసు బాగా సాగుతుంది, ఆరబెట్టేటప్పుడు ఒక్కో గొలుసు ఉచ్చుకీ ఒక్కో గుండుసూది. అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ నమూనా ముక్క తీసుకుని, నా క్రోషా సూదితోనే అంచున నాలుగు ఉచ్చులు వేసి చూశారు. ఎనిమిది గొలుసులైతే వేలాడుతుంది, ఆరు చాలన్నారు. ఆకుల జత కొస దగ్గర రెండు ఉచ్చులు కాస్త పెద్దవి పెడితే అక్కడే చిట్టాకులు విడిపోయినట్టు ఉంటుందని కూడా ఆవిడే అన్నారు. 

అయితే నా సూది లావుగా ఉందట. నరసాపురంలో బీరువా పైఅరలో తన సన్న సూదుల డబ్బా ఉందని, సంక్రాంతికి వచ్చేటప్పుడు మరిచిపోకుండా తెమ్మని వాళ్ళ తమ్ముడికి అప్పటికప్పుడే ఫోన్ చేశారు.