తీసుడెట్ల సార్?

నిచ్చెన మీద నిలబడ్డ సీలింగ్ మేస్త్రీ నేనిచ్చిన క్రాస్ టీ రేకును మెయిన్ టీ స్లాట్‌లోకి తోశాడు. టిక్‌మంది. ఆ టిక్ కోసం నాలుగు నెలలు తిప్పలు పడ్డాను కాబట్టి కింద నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. ఆయన ఇంకో రెండు పెట్టి, కిందికి చూసి అడిగాడు: "పెట్టుడు మంచిగనే ఉంది సార్. తీసుడెట్ల?"

నా దగ్గర జవాబు లేదు.

మాది హైదరాబాద్‌లో ఫాల్స్ సీలింగ్ గ్రిడ్ తయారుచేసే చిన్న కంపెనీ. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో తలెత్తితే కనిపించే రెండడుగుల గళ్ల సీలింగ్ అన్నమాట. పొడుగ్గా వెళ్లే T ఆకారపు రేకు పట్టీలు మెయిన్ టీలు, వాటి మధ్య అడ్డంగా పడేవి క్రాస్ టీలు. గడి 600 మిల్లీమీటర్లు, అందులో కూర్చునే టైలు 595. క్రాస్ టీ చివర చిన్న రేకు క్లిప్పు ఉంటుంది. అది మెయిన్ టీ నిలువు రేకులోని స్లాట్‌లోంచి, అంటే సన్నటి కన్నంలోంచి, దూరి అవతల పట్టుకోవాలి. ఎదురుగా వచ్చే క్రాస్ టీ క్లిప్పు కూడా అదే స్లాట్‌లో దీని పక్కనుంచే దూరుతుంది. క్లిప్పులు బయట కొనేవాళ్లం. ఇక మనమే చేసుకుందామని మా ఓనరు ఆ పని నాకు అప్పగించారు. రేకు ముక్కే కదా, నెల చాలన్నాను. ఆ మాట ఆయన ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు.

టీలు చేసే జీఐ (జింకు పూత పూసిన ఇనుప) షీటు గోడౌన్‌లో ఉంది కదా అని మొదటి క్లిప్పులు దాంతోనే చేశాను. క్లిప్పు మధ్యలో మూడు వైపులా కోసి ఒక నాలుకను బయటికి వంచాం. స్లాట్‌లోంచి వెళ్లేటప్పుడు ఆ నాలుక లోపలికి అణగాలి, దాటాక మళ్లీ లేవాలి. మాది అణిగింది, లేవలేదు. చేత్తో లాగితే వచ్చేసింది.

ముందే వేయాల్సిన లెక్క అప్పుడు వేశాను. నాలుక పొడవు 12 మిల్లీమీటర్లు, మందం 0.4, అణగాల్సింది 0.8. మందాన్ని అణిగే దూరంతో, మళ్లీ ఒకటిన్నరతో గుణించి, పొడవు వర్గంతో భాగిస్తే రేకు ఎంత సాగుతుందో వస్తుంది. 0.33 శాతం వచ్చింది. మామూలు జీఐ షీటు 0.12 శాతం దగ్గరే స్ప్రింగు గుణం వదిలేసి వంగినట్టే ఉండిపోతుంది. హాఫ్ హార్డ్ 301 అనే గట్టి రకం స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 0.39 దాకా ఓర్చుకుంటుంది. అలా స్టెయిన్‌లెస్‌కు మారాం. మరి మందం 0.3 చేస్తే ఇంకా సులువుగా దూరుతుంది కదా అనిపించింది. దూరింది కూడా. వేలితో తోస్తే చాలు.

అప్పుడు బరువు పరీక్ష పెట్టాం. అమెరికా వాళ్ల ఏఎస్‌టీఎం E580 ప్రమాణం ప్రకారం ఈ జాయింటు భూకంప ప్రమాదం ఎక్కువున్న చోట 180 పౌండ్ల లాగుడుకు, అంటే సుమారు 82 కిలోలకు నిలవాలి. మధ్యస్థంగా ఉన్న చోట 60 పౌండ్లు, 27 కిలోలు. మన దేశపు భూకంప ప్రమాణం ఐఎస్ 1893లోని 2016 నాటి పటంలో హైదరాబాద్ జోన్ 2 (ప్రమాదం తక్కువ), విజయవాడ జోన్ 3 (మధ్యస్థం). మా సరుకు రెండు చోట్లకూ వెళ్తుంది, అయినా పెద్ద అంకెకే గురి పెట్టాం. మా దగ్గర టెస్టింగ్ మెషీన్ లేదు. షెడ్డు దూలానికి మెయిన్ టీ ముక్క బిగించి, క్రాస్ టీకి డిజిటల్ త్రాసు, త్రాసుకు ఇసుక బస్తా వేలాడదీశాం. 0.3 నాలుక 35 కిలోల దగ్గర మడతపడింది. విరగలేదు, జారలేదు, నిలువునా నొక్కితే సన్నటి పుల్ల వంగినట్టు వంగింది. మందం కొంచెం పెరిగినా ఈ బలం ఘనంలో పెరుగుతుంది, అందుకే మళ్లీ 0.4. కాగితం మీద 88 కిలోలు రావాలి, త్రాసు మీద 71 వచ్చింది. ఎదురు క్లిప్పు కూడా పడ్డాక రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అప్పుడు 82 దాటింది. ఆ రోజు ఓనరు బిరియానీ తెప్పించారు.

క్లిప్పులు కోసి వంచే అచ్చు, అంటే డై, బాలానగర్‌లో చేయించాం. 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్న చోటు అది, చుట్టూ డైలు చేసే షాపులే. మొదటి 200 క్లిప్పుల్లో నాలుక మొదట్లో వెంట్రుకవాసి చీలికలు కనిపించాయి. టెన్షన్‌తో పరిగెత్తితే డై చేసే పెద్దాయన భూతద్దం కూడా తీయలేదు. "చెక్కకు నార ఉన్నట్టే రేకుకూ ఉంటది తమ్ముడూ, రోలింగ్ ఎటు జరిగితే అటు. వంపు గీత దానికి అడ్డంగా పడాలె. నువ్వు వెంబడి పెట్టినవ్" అన్నారు. రేకు మిగులుతుందని లేఅవుట్ అలా తిప్పింది నేనే. దాన్ని మళ్లీ తిప్పాం, క్లిప్పుకు కాస్త రేకు ఎక్కువే పోతోంది.

తర్వాత స్లాట్లతో గొడవ. నమూనాల స్లాట్లు వైర్‌కట్‌లో (సన్నటి తీగతో కోసే మెషీన్‌లో) నున్నగా వచ్చాయి. ప్రెస్‌లో పంచ్ చేసినవాటికి అంచున బర్, అంటే గరుకు పొర, నిలిచి నాలుకను గీరింది. స్లాట్ కొంచెం పెద్దది చేద్దామన్నారు షాపులో. ఒక్కో జాయింటుకు 0.3 మిల్లీమీటర్ల వదులు వస్తే 12 మీటర్ల హాల్లో 20 జాయింట్లకు 6 మిల్లీమీటర్లు. వరస వంకర కింద నుంచే కనబడుతుంది. స్లాట్ జోలికి పోకుండా పంచ్ నూరించి, పంచ్‌కూ డైకీ మధ్య సందు సరిచేయించాను.

ఇంత చేసి సైటుకు వెళ్తే మేస్త్రీ అడిగింది అదీ. అడగడంలో న్యాయం ఉంది. లేజర్ లెవెల్ పెట్టినా వరస ఒక గడి తప్పుతుంది, డక్టు వాళ్లు వచ్చి రెండు టీలు విప్పమంటారు. రాని క్లిప్పును ఆయన కటింగ్ ప్లయర్‌తో తిప్పి పీకి చూపించాడు. మెయిన్ టీ స్లాటే చిరిగింది.

నాలుక చివరను నిటారుగా కాకుండా ఏటవాలుగా పెడితే లాగితే వచ్చేస్తుంది కదా అని మొదట అదే లెక్క వేశాను. 45 డిగ్రీల వాలుకు ఒకటిన్నర కిలోల లోపే ఊడుతుంది. 70 డిగ్రీలకు ఆరు కిలోల లోపు. 82 కిలోలు పట్టుకోవాలంటే నిటారే ఉండాలి. అంటే లాగితే రాకూడదు, నొక్కితే రావాలి.

నొక్కడానికి నాలుక వెనుక ఎలాగూ కోసిన కిటికీ ఉంది, అణిగితే అందులోకి పోతుంది. కానీ నున్నటి రేకు మీద స్క్రూడ్రైవర్ మొన జారిపోతోంది. రెండు వారాలు రకరకాల చెవులు గీశాను. చెవి పెడితే స్లాట్‌లో దూరదు. చివరికి మేస్త్రీ చొక్కా జేబు గుర్తొచ్చింది. సైటులో అందరి జేబులోనూ ఉండేదే, లైన్ టెస్టర్. దాని మొన 3 మిల్లీమీటర్లు. నాలుక చివరికి దగ్గరగా ఆ మొన కూర్చునేంత గుంట కొట్టించాం. డైలో ఒక చిన్న పంచ్ అదనం, అంతే.

అదే సైటుకు తీసుకెళ్లాను. ఆయన టిక్‌మనిపించాడు, పక్క గడిలోంచి చెయ్యి పెట్టి టెస్టర్‌తో నొక్కి లాగాడు, వచ్చింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. స్లాట్ అంచును వేలితో తడిమి చూసుకున్నాడు.

"ఇంకో డబ్బా ఉందా సార్?"