నాకు చిన్నప్పుడే పోసిందని అమ్మ చెప్పింది

ఫిబ్రవరి నెలాఖరులో మా పాపకి ఆటలమ్మ పోసింది. ఏడేళ్ళది. బడి నుంచి వచ్చి పొట్ట మీద దోమలు కుట్టాయంది. తెల్లారేసరికి వీపంతా పొక్కులు. అమ్మ చూసి చెంపలేసుకుని గుమ్మానికి వేపమండలు కట్టింది. వంటింట్లో తాలింపు ఆగిపోయింది. పాపకి మాత్రం అదో పండగ. బడి లేదు, రోజుకో కొబ్బరిబోండాం, అడిగినన్నిసార్లు చలివిడి. నాలుగో రోజుకి మంచం మీద గెంతులేస్తోంది.

ఆ నాలుగు రాత్రులూ దాన్ని నా పక్కలోనే పడుకోబెట్టుకున్నాను. "నీకు చిన్నప్పుడే పోసింది, నీకేటీ అవదు" అని అమ్మ ఏళ్ళ తరబడి చెబుతున్న మాటే నా ధైర్యం. నాకిప్పుడు 39.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్రా. బోర్డులు ఒడియాలో ఉంటాయి, బేరాలు తెలుగులో సాగుతాయి. నాకు బస్టాండు దగ్గర చిన్న జెరాక్సు షాపు. పరీక్షల సీజను కాబట్టి కుర్రాళ్ళతో కిటకిటలాడుతోంది. పాపకి తగ్గిపోయి పది రోజులు దాటింది, అందరం మర్చిపోయాం కూడా. ఒక సాయంత్రం షాపులో ఉండగా నడుము పీకడం మొదలైంది. ఎండకి అనుకున్నాను. రాత్రికి చలి, జ్వరం. మర్నాడు గడ్డం గీసుకుంటూ చూస్తే మెడ మీద రెండు ఎర్ర మచ్చలు. బ్లేడు తగిలిందనుకున్నాను.

ఊళ్ళో ఒకాయన దగ్గరికి వెళ్ళాను, పేరెందుకులెండి. "వేడి చేసింది, ఎలర్జీ" అని ఇంజక్షను పొడిచి పంపించాడు. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. ఇంట్లో పిల్లకి ఆటలమ్మ పోసిందన్న సంగతి నేనే చెప్పలేదు. నాకు ఒకసారి పోసేసింది కదా, ఇక దానితో నాకేం పని అనుకున్నాను. అలా పోయిన ఒక్క రోజు ఎంత ఖరీదైనదో తర్వాత తెలిసింది.

రెండో రోజు పొద్దున్న బనీను తీసి అద్దంలో చూసుకున్నాను. పొక్కు అంటే పిల్లలకి వచ్చినట్టు అక్కడక్కడా కాదు. ఉడికిన సగ్గుబియ్యం గింజల్ని ఒక్కొక్కటీ ఎర్రటి చుక్క మీద అంటించినట్టు ఛాతీ అంతా. కొన్ని అప్పుడే లేస్తున్నాయి, కొన్నిట్లో నీరు నిండింది, కొన్ని పగిలి పక్కు కడుతున్నాయి, అన్నీ ఒకే జానెడు జాగాలో. మాడు మీద దువ్వెన ఆనడం లేదు. కనురెప్ప మీద ఒకటి, గొంతులో ఎన్నో. ఉమ్మి మింగితే గాజుపెంకు మింగినట్టుంది.

శ్రీకాకుళంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. జనంలో కూర్చోనివ్వకుండా నేరుగా పక్కగదిలోకి పంపింది. చూడగానే "ఇది చికెన్‌పాక్సే" అంది.

"నాకు చిన్నప్పుడు వచ్చిందండీ."

"ఒకసారి వస్తే మళ్ళీ రావడం బాగా అరుదు. అప్పుడొచ్చింది ఇది అయ్యుండదు."

పెద్దవాళ్ళకి ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు, రోజుకి ఐదుసార్లు, ఏడు రోజులు. మొత్తం 35 బిళ్ళలు. మొదటి పొక్కు కనబడిన 24 గంటల్లోపు మొదలెడితేనే బాగా పనిచేస్తుందట. నా 24 గంటలు ఎలర్జీ ఇంజక్షనులో కలిసిపోయాయి. అయినా మొదలుపెట్టమంది. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇంకేదీ వద్దని, ఒళ్ళు నొప్పులని ఐబూప్రోఫెన్ లాంటివి మింగొద్దని మరీ మరీ చెప్పింది. తర్వాత నా వైపు చూసి, "సిగరెట్లు కాలుస్తారా?" అని అడిగింది. మా ఆవిడ పక్కనే ఉంది. మానేసి మూడేళ్ళయిందని ఆవిడ నమ్మకం. నేను నేల చూపులు చూశాను. "రోజుకి ఎన్ని?" అంది డాక్టరమ్మ. మూడు అన్నాను. తిరిగొచ్చే దారంతా కారులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. పెద్దవాళ్ళకి ఇది వస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అయ్యే ప్రమాదం ఉంది, పొగ తాగేవాళ్ళకి మరీ ఎక్కువ. పిల్లలకి వారంలో పోయే జబ్బు మనల్ని ఎందుకింత ఏడిపిస్తుందని తర్వాత చదివాను. అమెరికాలో టీకా రాకముందు లెక్కల్లో, 1 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో లక్ష మందికి వస్తే ఒకరు చనిపోయేవారు. 30 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో 21 మంది. లక్షలో 21 చిన్న అంకెలాగే కనిపిస్తుంది, మన ఛాతీ మీద పొక్కులు లేనప్పుడు.

ఇంటికొచ్చాక అసలు రగడ. అమ్మ బిళ్ళలు చూసి మండిపడింది. "అమ్మోరికి మందులేటిరా? కోపమొస్తాది." మా ఆవిడ ఎదురు చెప్పలేదు, బతిమాలలేదు. బిళ్ళల అట్ట తీసుకెళ్ళి అమ్మవారి ముందున్న చెంబు పక్కన పెట్టి, దాని మీద పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, దండం పెట్టుకుంది. అమ్మ కాసేపు నిలబడి చూసింది. తనూ దండం పెట్టి, "అలాగైతే మింగు" అంది. మింగిన ప్రతి బిళ్ళా బొట్టు పెట్టుకున్నదే. ఆరుకి, పదికి, రెండుకి, మళ్ళీ ఆరుకి, పదికి ఫోనులో అలారాలు. అమ్మ పద్ధతుల్లో ఒకటి మాత్రం నిజంగా ప్రాణం నిలబెట్టింది. దురద పుట్టినప్పుడు గోకకుండా వేపమండతో నిమరడం. గోళ్ళు తగిలితే పుండవుతుంది, మచ్చ మిగులుతుంది.

నాలుగో రోజు దగ్గు. మెట్లెక్కుతుంటే ఆయాసం. కరోనా టైములో కొన్న ఆక్సిమీటరు బీరువాలోంచి తీసి పెట్టుకుంటే 91. రాత్రికి రాత్రే శ్రీకాకుళం తీసుకెళ్ళారు. ఎక్స్‌రేలో రెండువైపులా మచ్చలు. ఎసైక్లోవిర్ సెలైనులో ఎక్కించారు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, ఐదు రోజులు. దాని గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. ఒక రాత్రి నిద్రపట్టక ఫోనులో టీకా కథ చదివాను. దాన్ని తయారుచేసింది జపాను డాక్టరు మిచియాకి తకహాషి. 1964లో కుటుంబంతో అమెరికాలో ఉండగా ఆయన కొడుక్కి ఇది తీవ్రంగా వచ్చి ఊపిరాడక అల్లాడిపోయాడట. పదేళ్ళకి, 1974లో, టీకా తెచ్చాడు. ఓకా అనే ఇంటిపేరున్న పిల్లాడి పొక్కుల్లోంచి తీసిన వైరస్‌తో చేశారు కాబట్టి దానికి ఓకా అనే పేరు. మన దగ్గర ప్రభుత్వం పిల్లలకి ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు. పాప కార్డు తిరగేస్తే తట్టుకి వేసింది ఉంది, దీనికి లేదు. డబ్బు పెట్టి ప్రైవేటులో వేయించుకోవాలని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నాకన్నా పెద్ద టెన్షన్ మరదలిది. తమ్ముడు రాయగడలో ఉద్యోగం, వాడి భార్య ఐదో నెలతో మా ఇంట్లోనే ఉంది. పొక్కులు రాకముందే, ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది గాలిలో అంటుకుంటుంది. అన్నీ ఎండి పక్కు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. ఇదివరకు ఇది రానివాళ్ళు అదే ఇంట్లో ఉంటే నూటికి తొంభై మంది దాకా పట్టుకుంటుందట. అంటే నేను గడ్డం గీసుకున్న రోజుకి ముందే అందరికీ పంచి ఉంటాను. షాపులో కుర్రాళ్ళకి కూడా. ఎంతమంది ఇళ్ళల్లో గర్భిణులున్నారో ఆలోచిస్తే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది.

మరదల్ని టెక్కలిలో వాళ్ళ పుట్టింటికి పంపేద్దామంది అమ్మ. డాక్టరమ్మ వద్దంది. అంటుకుని ఉంటే అక్కడికీ మోసుకెళ్తుంది, ముందు రక్తపరీక్ష చేయించమంది. వేరిసెల్లా ఐజీజీ అంటారు, ఈ వైరస్‌ని తట్టుకునే రక్షణ రక్తంలో ఉందో లేదో చూసేది. శాంపిల్ విశాఖ వెళ్ళింది, మూడు రోజులు. మొదటి 20 వారాల్లో తల్లికి సోకితే నూటికి ఒకరిద్దరు బిడ్డలకి చర్మం, కళ్ళు, చేతులు కాళ్ళలో లోపాలు రావచ్చట. కాన్పు ముంగిట సోకితే పసిబిడ్డకే ప్రమాదం. అయితే డాక్టరమ్మ బిడ్డ కన్నా తల్లి ఊపిరితిత్తుల గురించే ఎక్కువ భయపడింది. ఆ మూడు రోజులూ మరదలు నాకు ఫోను చేసి "బావగారూ, మీకెలా ఉంది?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. రిపోర్టు పాజిటివ్ వచ్చింది. అంటే ఆమెకి రక్షణ ఉంది. పాజిటివ్ అన్న మాటకి అంతగా సంబరపడ్డది జీవితంలో అదొక్కసారే.

మరి నాకు చిన్నప్పుడు పోసిందేమిటి? ఇంటికొచ్చాక అమ్మని గట్టిగా అడిగాను. అప్పుడు నాన్న ఉద్యోగం గుణుపురంలో. ఇంటి ఓనరు మావుసీ ఒడియా ఆవిడ, ఇప్పటికీ అమ్మతో ఫోనులో మాట్లాడుతుంది. స్పీకరు పెట్టించి అడిగాను. "హాడొఫుటి కాదు నాయనా, మిళిమిళా! ఒంటినిండా ఎర్రటి దద్దుర్లు, కళ్ళు ఎర్రబడి, దగ్గు. నీళ్ళపొక్కు ఒక్కటీ లేదు" అంది. ఒడియాలో హాడొఫుటి అంటే ఆటలమ్మ. మిళిమిళా అంటే తట్టు. ఓనరావిడకి రెండు జబ్బులకీ రెండు పేర్లు గుర్తున్నాయి. మా ఇంట్లో పేరు చెప్పకూడదు కాబట్టి రెండింటికీ ఒకటే మాట, "పోసింది".

అమ్మ ఏమాత్రం తగ్గలేదు. "అమ్మోరు అమ్మోరే కదరా, ఏ అమ్మోరైతే ఏటి?"

తమ్ముడికీ పోసిందనే చెప్పింది అమ్మ. వాడికి పరీక్ష చేయిస్తే నెగటివ్. పెద్దవాళ్ళకి టీకా రెండు డోసులు, నాలుగు నుంచి ఎనిమిది వారాల తేడాతో. గర్భిణికి వేయకూడదు కానీ, ఇంట్లో గర్భిణి ఉన్నా వాడికి వేయవచ్చంది డాక్టరమ్మ. మొదటిది వేయించాం. ఇక్కడ మందుల షాపులో లేదు, ముందే చెప్పి శ్రీకాకుళం నుంచి ఐసుపెట్టెలో తెప్పించుకోవాల్సి వచ్చింది.

ఈ వైరస్ పోయినట్టే పోయి నరాల్లో దాక్కుంటుందట, ముసలితనంలో సర్పిగా లేవచ్చట. మా తాతకి నడుము చుట్టూ సర్పి లేస్తే ఎర్రమన్ను పూయించుకుని నెలరోజులు మూలిగాడు. అదీ ఇదీ ఒకటేనని నాకు ఈ వయసులో తెలిసింది.

షాపు ఇరవై రెండు రోజులకి తెరిచాను. తలకి నీళ్ళు పోసుకున్నాక పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి వెళ్ళొచ్చాం. గుడి బయట కిళ్ళీకొట్టు ముందు నుంచి నడుస్తుంటే మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.