బూజు సార్, ఓహెచ్‌పీ షీటు, పులిహోర

"రెండు పేజీలు, పాస్‌పోర్టు సైజు ఫోటో, నెలాఖరులోగా" అని మన బాపట్ల వ్యవసాయ కాలేజీ బ్యాచి సమావేశం సంచిక కమిటీ వాళ్ళ మెసేజి. నెలాఖరు ఎప్పుడో దాటిపోయింది. మన క్లాస్‌మేటు జట్కా ఫోన్ మీద ఫోన్. "నీకేంటే, సైంటిస్టువి, రెండు పేజీలు నీకో లెక్కా" అంటాడు. నా రాతల మీద రివ్యూయర్లు ఏం రాస్తారో వాడికి తెలియదు, చెప్పను కూడా.

ఏం రాయను? ఎగ్రానమీ ప్లాటులో గేదె పడిన కథ కవిగారిది. ఆయన చెప్పిన ప్రతిసారీ గేదెలు పెరుగుతాయి, ఈ సంచికకి మందే తయారై ఉంటుంది. సూర్యలంక, జీడితోట, స్కూటరు వ్యవహారం గుంటూరు గ్యాంగు సొంత ఆస్తి. మొదటి రెండేళ్ళూ నాకు నిజంగానే గుర్తు లేవు. స్టాటిస్టిక్స్ పాసయ్యానని మార్కుల లిస్టు చెబుతోంది కనుక నమ్ముతున్నాను. రావెప్‌లో (పల్లెలో రైతుల మధ్య ఉండి పని నేర్చుకునే కోర్సు) ఉన్న ఊరి పేరు గుర్తుంది గానీ, అక్కడ ఏం చేశామో మాత్రం ఎవరూ అడక్కండి.

అందుకని మొక్కల తెగుళ్ళ పాఠం చెప్పిన బూజు సార్ గురించే రాస్తాను. ఆయన ఈ పేజీలు చదువుతారు. ఆ పేరు మేం పెట్టింది కాదని, మా సీనియర్ల నుంచి సంక్రమించిందని ముందుగానే మనవి.

పరీక్షకి మనకి కావలసింది లక్షణాలు, వ్యాప్తి, నివారణ. వరిలో అగ్గితెగులంటే నూలుకండె ఆకారపు మచ్చ, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ అంచు. కంకి మెడకి వస్తే మెడవిరుపు, తాలు గింజలు. చలి, మంచు, యూరియా ఎక్కువైతే విజృంభణ. నిద్రలో లేపినా అందరం అప్పజెప్పేవాళ్ళం. సార్ విని, "మచ్చ చూసి మందు చెప్పడానికి షాపువాడు చాలడూ? మీరెందుకు?" అనేవారు. (చిలకలూరిపేటలో మందుల షాపు పెట్టుకున్న మన వాడు ఈ మాట తల్చుకుని ఇప్పటికీ పడీపడీ నవ్వుతాడు.) తర్వాత బోర్డు వైపు తిరిగి ఒక్కటే అడిగేవారు: "సిద్ధబీజం, అదే శిలీంధ్రపు విత్తనం లాంటిది, ఆకు మీద పడ్డాక మచ్చ కనబడ్డానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఆ నాలుగు రోజులూ అది ఏం చేస్తోంది?"

ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. పుస్తకంలో ఆ నాలుగు రోజులకీ దక్కింది ఒక్క వాక్యం.

1992 చలికాలంలో ఆయనకి ఎవరో ఒక జిరాక్సు పంపారు. ముందు ఏడాది అమెరికాలో రిచర్డ్ హవార్డ్ బృందం వేసిన పేపరు. అగ్గితెగులు శిలీంధ్రం ఆకులోకి రంధ్రాల గుండా వెళ్ళదు, ఏ ద్రావకంతోనో కరిగించుకునీ వెళ్ళదు, బలంతో పొడుచుకుని వెళుతుంది, గట్టి ప్లాస్టిక్ పొరని కూడా పొడవగలదు అని దాని సారాంశం. పొడిచే కణం పేరు అప్రెసోరియం. దానిలో ఒత్తిడి 8 మెగాపాస్కల్స్. క్లాసులో ఆ అంకెకి చలనం లేదు. సార్ చాక్‌పీసు పడేసి, "గేటు దగ్గర పంక్చర్ల వాడు లారీ టైరులో ఎంత గాలి కొడతాడ్రా?" అన్నారు. జట్కా వెంటనే "వంద పౌండ్లు సార్" అన్నాడు. నాలుగేళ్ళలో వాడు చెప్పిన ఒకే ఒక్క సరైన జవాబు అదేనని నా అభిప్రాయం. "ఇది పదకొండు వందల అరవై. కంటికి కనబడని కణంలో. చూస్తారా?"

చూస్తామన్నది నలుగురం. రాత్రంతా ల్యాబులో ఉండాలి కాబట్టి నన్నూ సెకండ్ బెంచి రాణినీ హాస్టల్ నుంచి వదలాలంటే పెద్దావిడ ఎవరైనా తోడుండాలన్నారు. సార్ ఇంటికి వెళ్ళి అమ్మగారిని, అంటే తన భార్యని, వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ పులిహోర డబ్బా, ఫ్లాస్కు, ఊలు సంచీతో వచ్చి కల్చర్ రూము తలుపు దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్నారు.

అసలు తమాషా ఓహెచ్‌పీ షీటు, ప్రొజెక్టరు మీద పెట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు. ఆకు మీద మైనపు పూత ఉంటుంది, నీరు నిలవదు. ఆ జారుడు, ఆ గట్టిదనం తగిలితేనే సిద్ధబీజం అప్రెసోరియం కడుతుంది. శుభ్రంగా కడిగిన గాజు పలక మీద మొలకెత్తి, ఊరికే పొడుగ్గా పాకుతుంది. సెమినార్ల కోసం దాచిన షీట్లని సార్ కత్తెరతో ముక్కలు చేస్తుంటే ల్యాబ్ అసిస్టెంటు మొహం చూడాలి. బీపీటీ 5204 అనే వరి రకం ఆకుల మీద నుంచి తీసిన బీజాలని నీటిబొట్టులో కలిపి, షీటు ముక్కల మీద వేసి, తడి ఫిల్టర్ పేపరున్న పెట్రి డిష్‌లలో మూతపెట్టాం. మన ఊళ్ళోనే పుట్టి, 1986లో విడుదలై, దేశమంతా సాంబమసూరిగా తింటున్న ఆ రకం అగ్గితెగులు కనబడితే చాలు, లొంగిపోతుంది. కొన్ని బొట్లలో సార్ ట్రైసైక్లజోల్ అనే తెగులు మందు కలిపారు.

రెండు గంటలు గడిచేసరికి మొలకలొచ్చాయి. మూడు గదుల బీజం, చివరి గది నుంచి సన్నటి గొట్టం. పదింటికి కరెంటు పోయింది. మైక్రోస్కోపు అద్దం మీదకి రాణి టార్చి పట్టింది. గొట్టం కొస కొంచెం వంగి, ఉబ్బడం మొదలుపెట్టింది. అర్ధరాత్రి దాటాక ఆ ఉబ్బుకి అడ్డుగోడ పడి విడి కణమైంది, గుమ్మటంలాగ. తెల్లవారేసరికి నల్లబడింది. ఆ నలుపు మెలనిన్ అనే రంగు పదార్థం. గోడలో ఆ పూత ఉన్నందుకే లోపల పోగైన గ్లిజరాల్ బయటికి కారదు, నీరు మాత్రం లోపలికి వస్తూనే ఉంటుంది, ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. లోపల పోగయ్యేది గ్లిజరాల్ అని 1997 దాకా ఎవరూ తేల్చలేదు. ఆ రాత్రి సార్ "ఏదో ఉప్పో తీపో" అని ఊరుకున్నారు.

మందు కలిపిన బొట్లు చూశాం. బీజాలు చావలేదు. చక్కగా మొలిచి, గుమ్మటాలూ కట్టాయి. కానీ నలుపు లేదు, పాలిపోయి ఉన్నాయి. జట్కా "మందు పనిచెయ్యలేదు సార్" అన్నాడు. సార్ ఆనందం అప్పుడు చూడాలి. "అది చంపే మందు కాదురా! మెలనిన్ తయారీని ఆపుతుంది, అంతే. గోడ గట్టిపడదు, ఒత్తిడి నిలవదు, ఆకు బతుకుతుంది." మందు ముందే ఎందుకు కొట్టాలో, మచ్చలు నిండాక కొట్టి షాపువాణ్ణి తిట్టడం ఎందుకు దండగో నాకు ఆ పొద్దున్న అర్థమైంది. అమ్మగారు ఉల్లిపాయ ఒలిచి, లోపలి పొర తీసిచ్చారు. మళ్ళీ అవే బొట్లు దాని మీద వేసి ఉంచితే, నల్లవి లోపలికి దిగాయి. పాలిపోయినవి పైనే కూర్చున్నాయి.

ఇంకొకటి చూశాను. గుమ్మటం నల్లబడేసరికి వెనక ఉన్న బీజం ఖాళీ అయిపోయింది. "చచ్చిపోయింది సార్" అన్నాను. "ఊఁ. ఎందుకో కనుక్కో" అన్నారు. సరిగ్గా అదే పని పట్టుకుని ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థకి వెళ్ళాను, తర్వాత జపాను. నా కంటే ముందే వేరేవాళ్ళు కనుక్కున్నారు లెండి. బీజం తన సరుకంతా తానే జీర్ణం చేసుకుని గుమ్మటానికి పంపి చనిపోతుంది, ఆ ఆత్మాహుతిని ఆపితే తెగులే రాదు అని 2006లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ పేపరు చదివి రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత నా పనీ దాని పక్కన నిలబడింది. ఇప్పుడు హైదరాబాదులో నా ల్యాబులో కన్ఫోకల్ మైక్రోస్కోపు ఉంది, కరెంటు పోతే జనరేటరుంది. నా దగ్గర చదివిన పిల్లలు ఫిలిప్పీన్స్‌లో, జర్మనీలో ఉన్నారు. వాళ్ళందరూ మొదటి వారం ఓహెచ్‌పీ షీట్లు కత్తిరించినవాళ్ళే. అవి ఇప్పుడు దొరకడం కష్టం, పాత స్టేషనరీ షాపుల్లో వెతికి కొంటున్నాను.

సార్ రిటైరయ్యాక ఆయన్ని కలవడానికి నేను వెళ్ళింది 2018 చివర్లో. చెవులు కొంచెం తగ్గాయి. అమ్మగారే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇంగ్లండులో నికొలస్ టాల్బట్ బృందం చేసింది వివరించాను. శిలీంధ్రం మొదటి కణంలో దిగాక పక్క కణంలోకి గోడ పగలగొట్టుకుని పోదు, మొక్క కణాల మధ్య ఉండే సన్నటి దారుల దగ్గరే తన పోగుని ఇరుకు చేసుకుని దూరుతుంది. పీఎమ్‌కే1 అనే ఎంజైమును రసాయనంతో ఆపితే మొదటి కణంలోనే బందీ అయిపోతుంది. అప్రెసోరియం కట్టడానికీ అదే ఎంజైము కావాలి. సార్ కళ్ళు మూసుకుని విన్నారు, నిద్రపోయారేమో అనుకున్నాను.

"బాగుంది. ఆ దారి ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది?" అన్నారు.

ఆ ప్రశ్న మీదే ఇప్పుడు మా ల్యాబులో నంద్యాల అమ్మాయి ఒకతె థీసిస్ రాస్తోంది. ఆమె వైవా మన సమావేశం రోజునే పడింది. ఎగ్జామినర్ని బతిమాలి తేదీ మార్పించాను కాబట్టి తప్పకుండా వస్తున్నాను. జట్కా, రిజిస్ట్రేషన్ డబ్బులు పంపాను, రసీదు ఇవ్వలేదు. సాంబారు వడ్డించే డ్యూటీ మాత్రం ఈసారి రాణికి వెయ్యండి.