డేమన్ హిల్: పేరు తండ్రిది, పరుగు తనది

ఫార్ములా వన్‌లో తండ్రీ కొడుకులిద్దరూ ప్రపంచ ఛాంపియన్లయిన కుటుంబాలు హిల్, రోస్‌బర్గ్ కుటుంబాలు రెండే. డేమన్ హిల్ పేరెత్తగానే "వారసుడు కదా, అన్నీ అమరిపోయాయి" అనేవారు ఉన్నారు. ఆ మాట నాకు ఎన్నడూ మింగుడు పడలేదు.

తండ్రి గ్రాహం హిల్ 1962లో, 1968లో ఛాంపియన్. మొనాకోలో ఐదుసార్లు విజేత. 1975 నవంబరులో తాను నడుపుతున్న చిన్న విమానం లండన్ శివార్లలో పొగమంచులో కూలి, తన జట్టువారు ఐదుగురితో సహా చనిపోయాడు. బీమా చెల్లకపోవడంతో మృతుల కుటుంబాలకు పరిహారం కట్టి, ఉన్న ఆస్తి కరిగిపోయింది. అప్పటికి డేమన్‌కు 15 ఏళ్లు. తరువాత అతడు కూలి పని చేశాడు, మోటార్‌సైకిల్ మీద తిరిగి పార్శిళ్లు అందించాడు. మొదట పోటీపడిందీ మోటార్‌సైకిళ్ల మీదే. చివరి దశలో ఉన్న బ్రాభమ్ జట్టు తరఫున 1992లో ఫార్ములా వన్‌లోకి వచ్చేనాటికి 31 ఏళ్లు నిండాయి. తండ్రి నుంచి చెక్కుచెదరకుండా దక్కింది హెల్మెట్ మీది ఆ ముదురు నీలం, తెల్లటి తెడ్ల గుర్తులే. అవి గ్రాహం పడవ పందేల్లో పాల్గొన్న లండన్ రోయింగ్ క్లబ్ రంగులు.

1993లో విలియమ్స్‌లో చేరి అదే ఏడాది హంగరీలో తొలి విజయం సాధించాడు. మరుసటి ఏడాది మే 1న ఇమోలాలో సహచరుడు సెన్నా మరణించడంతో, ఇంకా రెండేళ్ల అనుభవమైనా లేని డేమన్ మీద జట్టు భారమంతా పడింది. తండ్రికి ఎన్నడూ దక్కని బ్రిటిష్ గ్రాండ్ ప్రి ఆ ఏడాదే గెలిచాడు.

అతడి అసలు సత్తా చూడాలంటే ఆ సంవత్సరం జపాన్‌లోని సుజుకాలో జరిగిన రేసు చూడాలి. కుండపోత వాన వల్ల పోటీ మధ్యలో ఆగి మళ్లీ మొదలైంది. రెండు భాగాల సమయాలను కలిపి విజేతను నిర్ణయించాలి. టైర్లు మార్చే పిట్‌లో ఒక వెనుక చక్రం ఊడిరాక పాత టైరుతోనే బయలుదేరిన డేమన్, ఎదురుగా కనబడని గడియారంతో పోటీపడుతూ టైటిల్ కోసం తనతో పోటీపడుతున్న షూమాకర్‌ను మూడు సెకన్ల పైచిలుకు తేడాతో ఓడించాడు. వారం తరువాత అడిలైడ్‌లో ఇద్దరి కార్లూ ఢీకొని, ఒకే ఒక్క పాయింటుతో టైటిల్ చేజారింది. ఆ ఢీ కావాలని జరిగిందా అన్న వాదనను అభిమానులు ఇప్పటికీ తెగనివ్వరు, నేనూ తెంచబోను.

1996లో 16 రేసుల్లో ఎనిమిది గెలిచి ఛాంపియన్ అయ్యాడు. కారు మేటిదన్న విమర్శ నిజమే గాని, మేటి కారు లేకుండా ఛాంపియన్లయినవారు ఎందరు? సీజన్ ముగియకముందే విలియమ్స్ అతడిని వద్దనుకుంది. 1997లో బలహీనమైన యారోస్ కారుతో హంగరీలో ముందంజలో సాగుతుండగా చివరి ల్యాపుల్లో హైడ్రాలిక్స్ మొరాయించి రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. మరుసటి ఏడాది బెల్జియంలో వానలో తడిసిన స్పా ట్రాక్‌పై గెలిచి జోర్డాన్ జట్టుకు మొట్టమొదటి విజయం అందించాడు. అదే తన ఖాతాలో 22వది, చివరిది.